పూలమ్మ ఇంటికి రాని శనివారం

చీకటి పడుతుండగా జీన్ వచ్చి మా తలుపు కొట్టింది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె ఉంది. ప్రతి శనివారం ఈ వేళకు ఆమె తల్లిని చూడటానికి వస్తుంది. తల్లి మా పక్క వాటాలో ఒంటరిగా ఉంటుంది.

"మా అమ్మ మీ ఇంట్లో ఉందా?"

లేదన్నాను. జీన్ నా భుజం మీదుగా లోపలికి చూసింది. లోపల నా భార్య లిదియా పసివాణ్ణి భుజాన వేసుకుని తిరుగుతోంది. మా అత్తమ్మ హీటరు ముందు కూర్చుని చేతులు కాచుకుంటోంది.

"పొద్దున మీతోనే కదా వెళ్ళింది. ఛాతీలో నెమ్ము ఉన్న మనిషి. ఈసారి చలి తగిలితే దక్కదని డాక్టరు చెప్పాడు. మీకు తెలుసు కదా?"

తెలుసు. అందుకే ఆమెను లోపలికి రమ్మని తలుపు పూర్తిగా తీశాను.

ఇది డెబ్బై నాలుగు అక్టోబరు ముచ్చట. స్కాట్లాండులో గ్లాస్గో నగరం. లిదియా అక్కడి దవాఖానలో నర్సు, నేను సిటీ బస్సులో కండక్టర్ని. కాన్పుకు తోడుగా ఉంటుందని మా అత్తమ్మ మరియమ్మను హన్మకొండ నుంచి రప్పించుకున్నాం. అంతకుముందు ఆమె చూసిన దూరదేశం ఖమ్మం.

అత్తమ్మ హన్మకొండలో ఒక మిషన్ దవాఖానలో ఆయాగా చేసింది. రక్తానికి గానీ చీముకు గానీ జడిసే మనిషి కాదు. జడిసేది ఒక్క మాటకే. "పోత" అన్న మాటకు. వార్డులో "పోయిండు" అంటే ఒకటే అర్థం కదా. అందుకని డ్యూటీ దిగేటప్పుడు మంచం మంచం దగ్గర ఆగి "వస్త అవ్వా, వస్త బిడ్డా" అని చెప్పి గానీ గడప దాటేది కాదు. కొత్తగా చేరిన ఆయా ఎవరైనా నోరు జారి "పోతాన్న" అంటే నెత్తిన మొట్టి మాట మార్పించేది.

ఇంగ్లీషు కూడా ఆ వార్డులోనే, దొరసానుల నోటినుంచి రాలినంత ఏరుకుంది. అందులో గడిచిన కాలం లేదు, రాబోయే కాలం లేదు. "యూ ఈట్, బేబీ స్లీప్, ఐ కమ్", అంతే. ఆ పెట్టుబడితోనే పక్క వాటా ముసలావిడతో స్నేహం కట్టింది. ఆవిడ పేరు ఫ్లోరా. అత్తమ్మ నోట్లో అది పూలమ్మ అయింది. ఆ పేరుకు నిజంగానే పూల అర్థం ఉంది, బాగా మార్చావు అత్తమ్మా అంటే ఆమె నమ్మలేదు. "నేనేడ మార్చిన? ఆమె పేరే పూలమ్మ" అంది.

పూలమ్మ మాట్లాడే ఇంగ్లీషు నాకే సగం అందేది కాదు. అత్తమ్మకు అసలే అందదు కాబట్టి ఆమెకు ఇబ్బంది లేదు. ఇద్దరూ మెట్ల మీద కూర్చుని గంటలకొద్దీ ఎవరి భాషలో వాళ్ళు కోడళ్ళ గురించో, కూరల ధరల గురించో చెప్పుకునేవాళ్ళు. ఏ ముచ్చటకు ఏ జవాబు వెళ్ళిందో ప్రభువుకే తెలియాలి.

నాకు శనివారం సెలవు దొరికితే పూలమ్మే మమ్మల్ని బయటికి బయలుదేరదీసేది. ఒకసారి పార్కు, ఒకసారి కొండ. ఆ శనివారం లార్గ్స్ అనే సముద్రపు ఒడ్డు ఊరు, రైలులో గంట దారి. అత్తమ్మ నీళ్ళను చూసి "పాకాల చెరువు లెక్కనే ఉన్నది" అంది. తర్వాత ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఉప్పెక్కువైందని తీర్పు చెప్పింది.

మధ్యాహ్నం దాటాక గాలి మారింది. పసివాడు ఏడుపు ఆపలేదు. ఇంటికి వెళ్దామంది లిదియా. పూలమ్మ మాత్రం ఎండ ఉన్నంతసేపు బెంచీ మీదే కూర్చుంటానంది. చిన్నప్పటినుంచి వస్తున్న ఊరు, మేం బెంగపడేదేముంది? లిదియా, నేను పిల్లవాణ్ణి తీసుకుని స్టేషనుకు నడిచాం. అత్తమ్మ పూలమ్మకు చెప్పి మా వెనకే వచ్చి రైలెక్కింది. జరిగింది అంతే.

"ఆ తర్వాత ఎన్ని రైళ్ళు వచ్చి ఉంటాయి. ఒక్కదానికి కూడా ఎందుకు రాలేదు?" అంది జీన్.

వాన మొదలైంది. వీధి చివర టెలిఫోను బూత్‌కు పరుగెత్తి, లార్గ్స్ పోలీసులకు చెప్పి వచ్చింది జీన్. వెతికిస్తామన్నారట. ముసలావిడను ఆఖరుసారి చూసిందెవరని అడిగారట. ఆ మాట చెబుతూ ఆమె అత్తమ్మనే చూస్తోంది.

అత్తమ్మకు మాట తెలియకపోయినా చూపు తెలిసింది. "ఏందట బిడ్డా?"

"పూలమ్మ ఇంకా ఇంటికి రాలేదత్తమ్మా."

ఆమె లేచి నిలబడింది. "గీ చలిలనా? అంత నెమ్మున్న మనిషి..." అని అక్కడే ఆగిపోయింది. వార్డులో పనిచేసినవాళ్ళు అలాంటి మాట పూర్తి చేయరు.

"ఏడికన్న పోతనని నీతోని చెప్పిందా?"

"ఏం చెప్పలె. మంచిగ కూసున్నది. నేను ఆమెకు చెప్పే వచ్చిన గద."

"ఏమని చెప్పినవ్?"

"ఎవరైన ఏమని చెప్తరయ్యా? వస్తనన్న."

"తెలుగులనా?"

"తెలుగు ఆమెకేమొస్తది? ఇంగ్లీషులనే చెప్పిన. ఐ కమ్ పూలమ్మా, ఐ కమ్ అన్న. తలకాయ ఊపింది. బెంచీ మీది సంచి తీసి ఒళ్ళె పెట్టుకొని జర జాగ గూడ చేసింది."

లిదియా పసివాణ్ణి ఊపడం ఆపింది. అత్తమ్మ వచ్చి కూర్చోవడానికి జాగా చేసిందట.

ఇప్పుడిది జీన్‌కు చెప్పాలి. ఆ భారం నామీద పడింది.

"మా దిక్కు, వెళ్ళేటప్పుడు వస్తానంటాం" అన్నాను.

"వెళ్ళేటప్పుడా?"

"వెళ్తానంటే మంచిది కాదు."

"మరి నిజంగా వచ్చేటప్పుడు ఏమంటారు?"

"అప్పుడూ వస్తాననే అంటాం."

ఇలాంటి జనం ఏనాటికైనా ఇళ్ళకు ఎలా చేరతారా అన్నట్టు చూసింది జీన్. తర్వాత ఆమె ముఖం మారిపోయింది. "అయితే మా అమ్మ అక్కడే ఉంది. మిమ్మల్ని రైలెక్కించి ఈమె తిరిగి వస్తుందనుకుంది. వస్తానన్న మనిషి వచ్చేదాకా కదలదు. ఆమె మొండితనం నాకు తెలుసు."

జీన్ కారు కిందే ఉంది. నేను బూటులో కాలు పెట్టేలోపు అత్తమ్మ కంబళి చంకన పెట్టుకుని, రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపుకుని మెట్లు దిగుతోంది. మీరు రానవసరం లేదంది జీన్. అత్తమ్మ వినలేదు. వెనక సీట్లో ఎక్కి కూర్చుంది.

దారంతా వాన. అద్దం మీద వైపరు తుడిచినచోటే మళ్ళీ నీళ్ళు. పలకరించకపోవడమే నయం అనిపించేలా జీన్ బండి నడిపింది. వెనకనుంచి అత్తమ్మ "పొద్దుగాల గింత దూరం లేకుండె" అని ఒక్కసారి అంది. తర్వాత పెదవుల్లోనే ప్రార్థన చేసుకుంటూ కూర్చుంది.

సముద్రపు ఒడ్డున దీపాలు వెలుగుతున్నాయి. బెంచీ దొరికింది. దాని మీద ఎవరూ లేరు.

ఒక పోలీసు టార్చి పట్టుకుని రాళ్ళ మీద దిగుతున్నాడు. అతను వెలుగు వేస్తున్నది నీళ్ళ మీద. అది చూసి జీన్ బెంచీ వెనక చెక్కను పట్టుకుంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచి, ఇంతకుముందు నేను చెప్పిన భాషా పాఠం గుర్తొచ్చి మూసుకున్నాను.

"పూలమ్మా" అని అరిచింది అత్తమ్మ. వార్డు ఈ చివర నిలబడి ఆ చివరి మంచానికి వినిపించే గొంతు అది.

ముందు దగ్గు వినిపించింది. రోడ్డవతల, మూసేసిన ఐస్‌క్రీం దుకాణం గడప మీదనుంచి. సంచిని గుండెలకు అదుముకుని, గోడకు అంటుకుని నిలబడి ఉంది పూలమ్మ.

జీన్ పరుగెత్తి తల్లిని పట్టుకుని, ఏడుస్తూ తిట్టడం మొదలుపెట్టింది. పూలమ్మ కూతురిని పక్కకు జరిపి అత్తమ్మ రెండు చేతులూ పట్టుకుంది. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

"ఈమెనేమీ అనకు జీన్" అంది. "పాపం, దారి తప్పింది. మాట రాదు, ఊరు తెలియదు. నేను కూడా కదిలితే తిరిగొచ్చి ఎవరిని వెతుక్కుంటుంది? అందుకే బెంచీ కనిపించేట్టు ఇక్కడ నిలబడ్డాను."

జీన్ నావైపు చూసింది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

కారులో అత్తమ్మ పూలమ్మ తడి బూట్లు, మేజోళ్ళు ఊడదీసి, పాదాలు ఒళ్ళో పెట్టుకుని రుద్దింది. కంబళి చుట్టింది. తర్వాత వీపు మీద చెవి ఆనించి, గట్టిగా ఊపిరి తీయమని తానే తీసి చూపించింది. చప్పుడు అడ్డం రాకుండా జీన్ ఇంజను ఆపేసింది. అందరం ఆ చెవి వైపే చూస్తున్నాం. అత్తమ్మ ఎడమ పక్క విన్నది, కుడి పక్క విన్నది, మళ్ళీ ఎడమ పక్కకు వచ్చింది.

"పిల్లికూతలున్నయి" అంది చివరకు. "గవి రోజూ ఉండేటియే. కొత్తది ఏం జేరలె. ఇంటికి వోనియ్యమను, మిరియాల చారు తాగిపిస్త."

నేను ఇంగ్లీషులో చెప్పాను. జీన్ మళ్ళీ ఇంజను వేసి బండి తీసింది.

వెనక పూలమ్మ అత్తమ్మ భుజం తడుతూ ఏదో చెబుతోంది. చెప్పిందే మళ్ళీ చెబుతోంది.

"ఏమంటాంది బిడ్డా?"

"భయపడకు అంటాంది. నువ్వు దొరికినవని సంబురపడుతాంది."

"నేనేమన్న తప్పిపోయిన్నా?"

"అసలు సంగతి చెప్పమంటవా?"

అత్తమ్మ పాదాలు రుద్దడం ఆపకుండానే ఆలోచించింది.

"వద్దు. గింతసేపు వానల నిలవడ్డది. నన్ను దొరకబట్టిన్ననే అనుకోనియ్యి."