దాని స్కార్‌బరో, నా స్కార్‌బరో

ఫోటోలు తీయడం దానికి, అంటే నా స్నేహితురాలికి, నేర్పింది నేను. ఈ మాట ముందే చెప్పేస్తే నా కడుపుమంట మీకు సులువుగా అర్థమవుతుంది. హైదరాబాద్‌లో బీటెక్ చదివినప్పుడు మేమిద్దరం హాస్టల్లో ఒకే గదిలో నాలుగేళ్ళు ఉన్నాం. దానిది తెనాలి, నాది నిజామాబాద్. అప్పట్లో అది ఫోటో తీస్తే హుస్సేన్ సాగర్ కూడా ఒక పక్కకి ఒలికిపోతున్నట్టు వచ్చేది. పక్కన నిలబడి, ఫోన్ పట్టుకున్న దాని మోచెయ్యి సరిచేసి, నీళ్ళ గీత వంకరపోకుండా తీయడం నేర్పేసరికి నాకు తాతలు దిగొచ్చారు.

తర్వాత ఊరంతా ఎగబడి బయటి దేశాలకు అప్లై చేస్తున్న కాలం వచ్చింది. మా క్లాసులో సగం మంది కాలేజీలో కన్నా కన్సల్టెన్సీ మెట్ల మీదే ఎక్కువ కనిపించేవాళ్ళు. దానికి ఇంగ్లండులో, లీడ్స్‌లో సీటొచ్చింది. నాకు టొరంటోలో ఒక కాలేజీలో వచ్చింది. కెనడా అయితే పీఆర్, అంటే అక్కడే ఉండిపోయే హక్కు, ఖాయమని అందరూ అనేవాళ్ళు కాబట్టి నేనే గెలిచాననుకున్నాను. పైకి మాత్రం "ఇంగ్లండు కూడా మంచిదేలే" అని దాన్ని ఓదార్చాను.

టొరంటో తూర్పు కొసన ఉన్న స్కార్‌బరోలో ఒక టవర్ పద్నాలుగో అంతస్తులో ముగ్గురమ్మాయిలం ఒక చిన్న ఫ్లాట్ తీసుకున్నాం. నా వాటాకి హాల్లో ఒక పరుపు, ఒక గోడ వచ్చాయి. కిటికీలోంచి పార్కింగ్ లాట్, దాని అవతల అచ్చం మా టవర్ లాంటి ఇంకో టవర్ కనిపించేవి. కాలేజీకి రెండు బస్సులు, ఒక సబ్‌వే రైలు. మిగిలిన రోజుల్లో కాఫీ షాపులో షిఫ్టు.

అదేమో శనివారం వస్తే నడిచేది. ఇంగ్లండులో ఎవరి పొలం మధ్యలోంచైనా జనం నడిచిపోవడానికి బాటలు వదిలిపెడతారట. రాతిగోడ అడ్డమొస్తే ఎక్కి దిగడానికి మెట్లు కూడా ఉంటాయట.

"వేరేవాళ్ళ పొలంలోంచే పోవచ్చే! గొర్రెలు బయటికి రాకుండా గేటు మళ్ళీ వేసెయ్యాలి, అంతే" అని వాయిస్ మెసేజ్ పెట్టింది. వెనకాల గాలి హోరు వినిపించింది. నేనది బస్టాపులో, చెవులు గడ్డకట్టే చలిలో విన్నాను.

మెసేజ్ వెనకే ఫోటోలు వచ్చేవి. పచ్చటి గుట్టలు, వాన వెలిసిన దారులు, సముద్రం మీదికి తొంగిచూసే తెల్లటి కొండ అంచులు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, దాని విస్తట్లో ఉన్నది పుల్లకూర కాదు, బొబ్బట్టు. ప్రతి ఫోటోనూ పెద్దది చేసి వంకల కోసం వెతికేదాన్ని. నీళ్ళ గీత దారం కట్టినంత తిన్నగా ఉండేది. కళ్ళల్లో నిప్పులు పోసుకుని, కింద మాత్రం "సూపర్ వే" అని రాసేదాన్ని.

ఒక శనివారం పొద్దున అది పంపిన ఫోటో నా కొంప ముంచింది. రెండు తీరాల మధ్య పొడుచుకొచ్చిన కొండ, దాని మీద పాడుబడ్డ కోట, కింద నీలం సముద్రం, ఒడ్డున వరసగా రంగురంగుల చెక్క గదులు. కింద ఒకటే మాట రాసింది: "స్కార్‌బరో!" ఆ పేరు మొదట ఇంగ్లండులోని ఆ ఊరిదట. ఎప్పుడో ఇంగ్లండు నుంచి ఇక్కడికి వచ్చిన ఒక దొరసాని మా సరస్సు ఒడ్డు చరియలు చూసి, ఆ ఊరు గుర్తొచ్చి, మా ఊరికి ఆ పేరు పెట్టించిందట. అంటే అసలు ఊరు దానికి దొరికింది, నకలు నాకు మిగిలింది.

దాని మీద నా ఏడుపు వినే మనిషి నిజామాబాద్‌లో ఉన్న మా చెల్లి ఒక్కతే. ఫోటోను కింద పేరుతో సహా చెల్లికి ఫార్వర్డ్ చేసి, "చూడు దీని భోగం" అని టైప్ చేయబోతుండగా బస్సొచ్చింది. ఎక్కి కూర్చుని ఫోన్ తీసేసరికే జవాబు వచ్చేసింది.

"అక్కా, మీ స్కార్‌బరో గింత మంచిగుంటదా! ఎప్పుడు వీడియో కాల్ చేసినా గోడనే చూపిస్తవు. అమ్మకు చూపించిన, మస్తు ఖుషీ అయింది."

కాదు అని రాయడానికి రెండక్షరాలు చాలు. నేను రాయలేదు. ఆ కోట, ఆ సముద్రం కాసేపు నావైపోయాయి, ఆ కాసేపూ నాకు ఎంత హాయిగా ఉందో ఒప్పుకోకపోతే ఇదంతా రాయడం దండగ. నా షిఫ్టు అయ్యేసరికి ఆ ఫోటో "మా అక్క ఉండే ఊరు" అని చెల్లి స్టేటస్‌లో ఉంది. ఫోటో తీసినదాని నంబరు చెల్లి ఫోన్లో, చెల్లి నంబరు దాని ఫోన్లో హాస్టల్ రోజుల నుంచీ ఉన్నాయని, ఆ స్టేటస్ అదీ చూస్తుందని అప్పుడు గుర్తొచ్చింది.

తప్పు దిద్దుకుందామని, సెలవు రోజు చూసుకుని బస్సెక్కి మా సరస్సు చరియల దగ్గరికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే దిద్దుకోవడం ఒక వంతు, దాని ఫోటోను మించినది తీయాలన్న కసి మూడు వంతులు. మార్చి నెల. అంచు పొడుగునా కంచె, చరియ విరిగిపడుతుంది దాటొద్దని బోర్డులు. సరస్సు బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది. పొగమంచులో నీళ్ళెక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. రెండు గంటలు తిరిగితే ఒకటి కుదిరింది: తెల్లటి మట్టి చరియ, దాని కొసన వేళ్ళు గాల్లో వేలాడుతున్న ఒక మోడు చెట్టు. మంచి ఫోటో అది. ఇప్పటికీ అదే మాట అంటాను. చలికి చేతివేళ్ళు కొంకర్లు పోతుంటే చెల్లికి పంపాను.

"గిదెక్కడక్కా? అంతా మబ్బు మబ్బుగుంది. మీ ఊరిది పంపు, అమ్మ ఎదురింటి ఆంటీకి చూపిస్తదట" అంది.

రెండు రోజుల తర్వాత లీడ్స్ నుంచి దాని వాయిస్ మెసేజ్ వచ్చింది. దొరికిపోయానని తెలిసి, గోడవైపు తిరిగి విన్నాను.

"ఏమే, మీ చెల్లి స్టేటస్ చూశాను. కంగారుపడకు, నేనేం అనలేదు, హార్ట్ కూడా కొట్టాను. ఒక్క ఫోటోతో ఎన్నాళ్ళు నెట్టుకొస్తావే? అందుకే నిన్న మళ్ళీ అక్కడికెళ్ళి ఇంకో ఏడు తీశాను. బోర్డులూ జెండాలూ మనుషులూ పడకుండా చూసి మరీ తీశాన్లే. ఇంట్లో చూపించుకో."

ఎక్కడైనా ఎత్తిపొడుపు దొరుకుతుందేమోనని మూడుసార్లు విన్నాను. దొరకలేదు. నా అబద్ధం నిలబడాలని అది రైలెక్కి వెళ్ళి, రోజంతా నడిచింది. అంత మంచితనం చూశాకైనా నా కుళ్ళు చల్లారాలి కదా. ఫోటోల మీద ఉన్నది కాస్తా మనిషి మీదికి ఎక్కింది. దాని స్థానంలో నేనుంటే ఆ పని చేసేదాన్ని కాదు. నవ్వుకుని నలుగురికీ చెప్పేదాన్ని. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఏడింటిలో చివరిది అన్నిటికన్నా బాగుంది. సాయంత్రపు ఎండ, గడ్డి మధ్య కాలిబాట, దాని కొసన సముద్రం. ఎవరూ పడకుండా చూశానంది గానీ, తన నీడ సంగతి చూసుకోలేదు. బాట మీద పొడుగ్గా, రెండు చేతులూ ఎత్తి ఫోన్ పట్టుకుని, అది అక్కడే ఉంది.

ఆ నీడను కత్తిరించేసి, ఫోటో ఇంటికి పంపాను.