రాజోలు తోటలో రేకు కట్టిన తేనెపెట్టెలు

డిసెంబరులో ఒక గురువారం పొద్దున్న మా చెల్లెలి కూతురు సుజాత ఫోన్ చేసి, "పెద్దమ్మా, తేనెపెట్టెల కింద తెల్లటి పొట్టు రాలుతోంది, ఉప్పు చల్లినట్టు. చీమలంటావా?" అని అడిగింది. రాజమండ్రిలో మా మేడ మీద ఏడెనిమిదేళ్ళుగా తేనెటీగల్ని పెంచుతూ, వాటి గురించి ఈ బ్లాగులో రాసి మిమ్మల్ని విసిగిస్తున్నదాన్ని కాబట్టి ఆ పొట్టు ఏమిటో నాకు చూడనక్కర్లేకుండానే తెలిసింది. థర్మాకోల్ పెట్టెను ఎలుక కొరుకుతోంది. సుజాత భర్త పోయి మూడేళ్ళయింది. చెక్కపెట్టె తేనెతో నిండితే ఎత్తడానికి ఇద్దరు కావాలని, ఒంటి మనిషికి వీలుగా ఉంటాయని గట్టి థర్మాకోల్‌తో చేసిన పెట్టెలు ఆరు తెప్పించుకుంది. ఎండాకాలం లోపల చల్లగా ఉంటాయి, వానకు నానవు, నిజమే. కానీ మనిషి సులువుగా ఎత్తగలిగినదాన్ని ఎలుకా సులువుగా కొరకగలదు. అమ్మినవాడు మొదటి సగమే చెప్పాడు.

ఆరింట్లో రెండు అప్పటికే ఖాళీ అయ్యాయి. రాజోలులో ఒక ఏజెంటు దగ్గర సుజాత పాస్‌పోర్టు ఉంది. కువైట్‌లో ఎవరింట్లోనో వంటపని. సోమవారంలోగా ఔననో కాదనో చెప్పాలట. మిగిలిన నాలుగు పెట్టెలూ నిలబడితే వెళ్ళదు. నిలబడకపోతే పదేళ్ళ కూతుర్ని మామగారి దగ్గర వదిలి వెళుతుంది. అందుకని శనివారం తెల్లవారగానే స్టీలు జాలీ చుట్ట ఒకటి, రేకు కత్తెర, చేతి తొడుగులు సంచిలో వేసుకుని బయలుదేరాను. మీలో కోనసీమ తోటల్లో పెట్టెలు పెడదామని అడుగుతున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ ప్రయాణం మీకు కూడా పనికొస్తుంది. సరదాగా ఉంటుందని మాత్రం అనను.

రాజమండ్రిలో ఆరింటికి అమలాపురం బస్సెక్కితే రావులపాలెం, కొత్తపేట మీదుగా రెండు గంటల ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం. కూర్చోవడానికి చోటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్ళది. పక్క సీటావిడ నా ఒళ్ళోని జాలీ చుట్టను రావులపాలెం దాకా ఓర్చుకుని చూసి, "కోళ్ళగూటికాండీ?" అని అడిగింది. తేనెటీగలకమ్మా అన్నాను. "అయ్యో, జాలీలోంచి ఈగలు దూరిపోవాండీ?" "దూరాలనేనమ్మా. ఎలుకలు దూరకూడదనే." ఆవిడ కొత్తపేటలో దిగేదాకా మళ్ళీ నా వైపు తిరగలేదు. అమలాపురంలో టిఫిన్ చేసి, అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా వెళ్ళే రాజోలు బస్సు పట్టుకున్నాను. ఇంకో గంట పైచిలుకు పడుతుంది. దారి పొడవునా కోతలైపోయిన చేలు. చూడటానికి ప్రశాంతంగానే ఉంటాయి. కానీ ఆ చేలల్లో గింజ తిని బతికిన ఎలుకలన్నీ ఇప్పుడు గట్టు దాటి ఎక్కడికి పోతాయన్నది నాలాంటి వాళ్ళకే తడుతుంది.

రాజోలు నుంచి ఊళ్ళోకి ఆటో. మనం ఒక్కళ్ళమే మాట్లాడుకుంటే నూట యాభై అడుగుతారు. ఎవరింటికో చెప్పగానే డ్రైవరు, "సుజాతగారింటికాండీ? ఆయ్, తెలుసండీ. కువైట్ వెళ్తన్నారంట కదండీ," అన్నాడు. ఇంకా తేలలేదన్నాను. "మా ఆవిడ వెళ్ళి అయిదేళ్ళయిందండీ. పెంకుటిల్లు తీసేసి శ్లాబు వేసేమండీ. గచ్చు కూడా టైల్సేనండీ."

"బాగుంది. ఆవిడ చూసిందా?"

"చూసిందండీ. వీడియోలో."



కోనసీమకు కొత్తగా వెళ్ళేవాళ్ళు కొబ్బరి తోటలో ముందు చూసేది చెట్టుకి మనిషి ఎత్తున కట్టిన రేకు పట్టీని. ఎలుక పైకి పాకబోతే గోళ్ళు పట్టక జారి కిందపడుతుంది, పైన బోండాలు దక్కుతాయి. సుజాత మామగారు వెంకటరత్నంగారు ఆ పనిలో చెయ్యి తిరిగిన మనిషి. తోటంతా ఆయన కట్టిన పట్టీలే మెరుస్తున్నాయి. "రండి చెల్లెమ్మగారూ, ప్రయాణం సుఖంగా జరిగిందాండీ?" అంటూ ఎదురొచ్చారు. నాకంటే మూడేళ్ళు చిన్నవాడు. అయినా నన్ను చెల్లెమ్మని చేసుకోవడం వియ్యంకుడిగా ఆయన హక్కు. నేనూ అన్నయ్యగారూ అనే పిలుస్తాను. ఆయన నా సంచి అందుకుని, "మీకు శ్రమెందుకని మొన్న సాయంత్రం నేనే కానిచ్చేసేనండీ," అన్నారు.

నాలుగు పెట్టెలకూ అడుగు భాగం చుట్టూ రేకు బిగించారు, అచ్చం చెట్టుకు కట్టినట్టే. ముందు వైపు ఈగలు తిరగడానికి సన్నటి సందు కోశారు. అంచులు మడిచి, మూలలు సుత్తితో కొట్టి, ఎక్కడా గోరు దూరకుండా చేసిన పని. ఆ నాలుగు రేకులూ ఎక్కడివో చెట్లను చూస్తే తెలిసింది. దగ్గర్లోని నాలుగింటికి పట్టీలు లేవు. పట్టీ ఉన్నచోట మొద్దు మీద పాలిపోయిన చార ఉంది.

"మరి ఈ చెట్ల కాయలో?" అన్నాను.

"పోతే పోనియ్యండీ. అమ్మాయి ఇక్కడుంటే చాలండీ."

పెట్టెల్లో మూడు కొబ్బరి డొక్కల, అంటే కాయ ఒలిచిన పీచు తొక్కల, గుట్టల మీద ఉన్నాయి. నేల చెమ్మని ఇక్కడ ఏదైనా సరే డొక్కల మీదే ఎత్తి పెడతారు. ఎలుకలకు అంతకంటే మంచి సత్రం ఎవరూ కట్టించలేరు. నాలుగోదానికి డొక్కలు చాలక పాత కూలర్ తాలూకు ఇనుప స్టాండు మీద పెట్టారు. డొక్కల మీదున్న మూడింటి వెనక గోడలకూ, రేకుకు కాస్త పైన, నా బొటనవేలంత చిల్లులున్నాయి. వాటి మీద కూడా వెంకటరత్నంగారు చక్కగా రేకు ముక్కలు మేకులతో కొట్టేశారు.

"అన్నయ్యగారూ, ఇవి మూసే ముందు మూత తీసి చూశారా?"

"ఎందుకండీ? ఎలుక వచ్చేది బయటినుంచే కదండీ."

"చెట్టుకు లోపలంటూ ఉండదు. పెట్టెకు ఉంటుంది."

ఆయన ముఖంలో ఆ మాట దిగడానికి కొంచెంసేపు పట్టింది. సుజాత అప్పటికే నా పక్కన నిలబడి ఉంది. "చెప్పెయ్యి పెద్దమ్మా. ఫోన్లోనే నీ గొంతు మారింది," అంది. చూడకుండా చెప్పనన్నాను. పది దాటినా ఆ రోజు మంచు ఇంకా విడలేదు. చలిలో మూత తీస్తే లోపలి పిల్ల ఈగలు చస్తాయి. ఎండ వచ్చేదాకా ముగ్గురం అరుగు మీద కూర్చుని కాఫీ తాగాం. అంత పొడుగాటి కాఫీ నేను ఎప్పుడూ తాగలేదు.

మొదటి పెట్టెలో ఈగ ఒక్కటి లేదు. ఆయన కోసిన సందులోంచి అన్నీ లేచిపోయాయి. అడుగున ఎలుక చచ్చి ఉంది. రెండోదాంట్లో బతికే ఉంది. బయటికి దారి లేక రెండు రోజులూ మైనం, తేనె, పిల్ల ఈగలు, ఏది అందితే అది తినేసింది. మూత తీయగానే నా చేతి మీదుగా దూకి డొక్కల్లోకి పోయింది. తేనెపట్టు ఉండాల్సిన చట్రాలు వట్టి కర్రలై ఉన్నాయి. మూడోదాంట్లోంచి కూడా ఒకటి దూకి పోయింది. ఒక మూల థర్మాకోల్ పొట్టు, కొబ్బరి పీచు కలిపి కట్టిన గూడు, అందులో కళ్ళు తెరవని పిల్లలు, గులాబీ రంగులో, వేలి కణుపంత. పైన ఒకే ఒక్క చట్రాన్ని పట్టుకుని గుప్పెడు ఈగలు. రాణి ఈగ కోసం చట్రం రెండు వైపులా తిప్పి తిప్పి చూశాను. లేదు. రాణి లేని పెట్టె నిలవదు. సుజాత గూడును చేత్తో తీసి, నీళ్ళ బకెట్లో వేసి, పైన పళ్ళెం బోర్లించింది. కాసేపు ఆ పళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంచింది.

ఇనుప స్టాండు మీది నాలుగో పెట్టె మాత్రం నిక్షేపంగా ఉంది. మూత తీయగానే నన్ను రెండు చోట్ల కుట్టింది కూడా. ఆ రోజు నాకు దొరికిన మర్యాద అదొక్కటే.

మధ్యాహ్నం భోజనంలో సుజాత వండిన వంకాయ కూర చాలా బాగుంది. అలాంటి రోజున కూర బాగుండటం కూడా ఇబ్బందే. తిన్నాక మిగిలిన పెట్టెకు జాలీ చుట్టే పనిలో పడ్డాం. నేను కొలిచి పట్టుకుంటే వెంకటరత్నంగారు కత్తిరిస్తున్నారు. సుజాత కొంచెం దూరంగా, పట్టీ లేని చెట్టుకు ఆనుకుని ఫోన్ చేసింది. మాటలు మాకు వినపడుతూనే ఉన్నాయి. "సోమవారం దాకా ఎందుకండీ... ఆయ్, వెళ్తానండీ... పాపని మా మావయ్యగారు చూసుకుంటారండీ."

కత్తెర ఆగింది. మళ్ళీ కదిలింది. కాసేపయ్యాక ఆయన తలెత్తకుండా, "చెల్లెమ్మగారూ, నేను కట్టకపోయుంటే దక్కేవాండీ?" అని అడిగారు.

నాకు అబద్ధం చేతకాదు. చేతనైతే బాగుండుననిపించిన సందర్భాల్లో ఇదొకటి. "ఎలుకలు లోపల ఉండనే ఉన్నాయి. తిరగడానికి దారి ఉంటే రాత్రిపూట బయట తిని వచ్చేవి. ఇవాళ వచ్చి మనం తీసేసి ఉంటే ఒకటో రెండో మిగిలేవేమో."

"అంటే నేనే తొందరపడ్డానండీ."

"ఔను."

ఆయన తలాడించి, అంచు మడవడం మొదలుపెట్టారు. మడత ఎంత నీటుగా ఉందంటే నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. చీకటి పడే ముందే నన్ను ఆటో ఎక్కించి, ఒళ్ళో గెల బోండాలు పెట్టారు. వద్దంటే వినలేదు.

సుజాత జనవరి ఆఖర్లో వెళ్ళింది. ఫోన్ చేసినప్పుడు ముందు కూతురి గురించి, తర్వాత పెట్టె గురించి అడుగుతుందట. పెట్టె బాగానే ఉంది. స్టాండు కాళ్ళు నాలుగింటికీ వెంకటరత్నంగారు రేకు చుట్టారు, ఈసారి లోపల చూసుకునే. ఆ నాలుగు చెట్లకు మాత్రం మళ్ళీ పట్టీలు కట్టలేదు. కొత్త రేకు కొన్నారు, మిగిలిన చెట్లకు వాడారు, వీటిని వదిలేశారు. వాటి కింద ఎలుకలు తొలిచిన బోండాలు రోజూ రాలుతున్నాయని మనవరాలు చెప్పింది. ఎందుకలా అని ఆయన్ని ఫోన్లో అడిగితే, "అవి వాటికేనండీ. కడుపు నిండితే పెట్టె జోలికి రావు కదండీ," అన్నారు. అలా జరగదని నాకు తెలుసు. ఎలుకకు కడుపు నిండటమనేది ఉండదు. ఆ మాట ఆయనతో అనలేదు.

మీ పెట్టెల కింద తెల్లటి పొట్టు కనబడిందా? ఆ రోజే, ఎండెక్కాక మూత తీసి, ఒక్కో చట్రం పైకెత్తి నాలుగు మూలలూ చూడండి. ఉన్నదాన్ని బయటికి తోలాకే జాలీ బిగించండి. వాకిలికి చిటికెన వేలు దూరనంత సందు చాలు. పెట్టె ఇనుప స్టాండు మీద ఉండాలి, డొక్కల మీద కాదు. ముందు మూత, తర్వాతే రేకు.