రాజరత్నం సారు ఏసీకి గొడుగు పట్టిన ఏడాది

రాజరత్నం సారు ఆళ్లగడ్డ హైస్కూల్లో ముప్పై ఒక్కేళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరై, నంద్యాలలో ఇల్లు కట్టుకున్నారు. ఊరంతా ఎండ మొదలయ్యాక ఎండను తిడుతుంది. సారు ఫిబ్రవరి ఒకటో తేదీనే దాని మీద యుద్ధానికి దిగుతారు. మిద్దె మీద సున్నం రెండు పూతలు, కిటికీలకు వట్టివేళ్ల తడకలు, తలుపు సందుల్లో పాత గుడ్డలు. గోడకు థర్మామీటరు. దాని లెక్క రోజుకు మూడుసార్లు నోటు పుస్తకంలోకి ఎక్కాలి.

ఈ ఏడు ఏసీ కొన్నారు. రిమోట్ మీద ఇరవై ఆరు పెట్టి, ఎవరూ నొక్కకుండా బటన్ల మీద టేపు అంటించారు.

"ఇరవై ఆరు మనిషి ఒంటికి సరిపోయే అంకె," అని భార్య జీవమ్మకు పాఠం చెప్పారు.

తర్వాత ఆయన చూపు బయట గోడకు బిగించిన ఏసీ పెట్టె మీద పడింది. పడమటెండ నేరుగా దాని మీదే కొడుతోంది. చల్లదనం ఇచ్చే యంత్రమే ఎండలో మాడిపోతే ఎట్లా? దాని చుట్టూ తడి గోనెపట్టాలు కట్టించారు. మూడు వైపులా రేకులు, పైన ఇంకో రేకు కొట్టించారు. కొట్టినతను "గాలి ఆడదేమో సార్" అంటే, "నువ్వు ఫిజిక్స్ చదివినావా?" అని నోరు మూయించారు.

ఏప్రిల్లో దొర్నిపాడు నుంచి జీవమ్మ అక్క కృపమ్మ వచ్చింది. ఏసీ గదిలో పది రోజులుండాలని ఆమె ఆశ. గంట కూర్చునేసరికి చీర తడిసిపోయింది.

"ఏంది మరిదీ, ఇంత ఉడకపోస్తాంది?"

థర్మామీటరు ముప్పై నాలుగు చూపిస్తోంది. సారు రిమోట్ చూపించారు. "ఇరవై ఆరు పెట్టినాను. మనిషి ఒంట్లోంచి నూరు వాట్ల బల్బంత వేడి బయటికొస్తాది వదినా. నువ్వొచ్చినాక గదిలో ఒక బల్బు ఎక్కువైంది."

"అంటే నేను బయటికి పోతే సల్లబడతాదా?"

"శాస్త్రం ప్రకారం అంతే."

కృపమ్మ మంచం వరండాలోకి లాక్కుంది. అక్కడ గాలి ఆడుతోంది. కాసేపటికి జీవమ్మ కూడా దిండు తీసుకుని వెళ్లింది. రెండు బల్బులు తగ్గినా థర్మామీటరు కదల్లేదు. సారు మూసిన గదిలో ఒక్కరే విసనకర్రతో విసురుకుంటూ నోటు పుస్తకం రాసుకున్నారు.

మూడో రోజు జీవమ్మ ఓపిక పోయి మెకానిక్ అజయ్ కుమార్‌కు ఫోన్ చేసింది. అతను సారు దగ్గరే చదివాడు. ఇంటి వెనక్కి వెళ్లి, చాలాసేపు తల గోక్కుని వచ్చాడు.

"సార్, ఆ పట్టాలు ఎవురు కట్టినారు సార్?"

"ఏం? ఎండ తగలకుండా కట్టించినా."

"గదిలో వేడిని తీసుకొచ్చి బయట పారబోసేది అదే సార్. పారబోసే దారే మూసేస్తే వేడి యాడికి పోతాది?"

సారుకు ఈ పాఠం పదో తరగతిలో తానే చెప్పానని గుర్తొచ్చిందో ఏమో, ముఖం తిప్పుకున్నారు. జీవమ్మ మాత్రం వదల్లేదు.

"అజయ్ నాయనా, నీకు సైన్సులో మార్కులెన్ని?"

"ముప్పై ఆరు మేడం. పాసైనా," అన్నాడతను భయం భయంగా.

రేకులూ పట్టాలూ ఊడదీశాక గది అరగంటలో చల్లబడింది. కృపమ్మ మంచం లోపలికి తెచ్చుకుని దుప్పటి అడిగింది. సారు రెండు రోజులు నోటు పుస్తకం తెరవలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు నలుగురు ఎండ గురించి మాట్లాడుకుంటుంటే సారు గొంతు లేచింది. "ఏసీ బయటి పెట్టెకు గాలి ఆడాలప్పా. చాలామందికి ఈ సంగతి తెలీదు. మూసి పెడతాండారు."

గోస్పాడు ఓబయ్య నోరు తెరుచుకుని విన్నాడు. "మా ఇంట్లోది కూడా ఒకసారి చూసిపోండి సార్," అని బతిమాలాడు.

అప్పటి నుంచి సారు మధ్యాహ్నం భోంచేయగానే ఏదో ఒక ఇంటి పెట్టె చూడ్డానికి బయలుదేరుతున్నారు. జీవమ్మ గొడుగూ నీళ్ల సీసా ఇచ్చి సాగనంపి, తలుపేసుకుని హాయిగా నిద్రపోతోంది.