కుడి పక్కన కొట్టుకున్న గుండె

మూడు వారాల క్రితం మంగళవారం మా ఆవిడ పోయింది. అరకులో, మా ఇంట్లోనే. ఆ రోజు పొద్దున్న అరగ్లాసు చోడి అంబలి తాగింది. కిటికీ రెండు రెక్కలూ తీయమంది. కొండ మీద మంచు ఇంకా విడలేదు. పదింటికి తన నోటుపుస్తకం అడిగింది. వేళ్ళ మధ్య పెన్ను నిలవడం లేదు. పుస్తకం నేను పట్టుకున్నాను. ఒక తేదీ వేసి, దాని కింద రెండు మాటలు రాసింది. గుండె. జీర్ణాశయం. రెండిటి పక్కనా ఖాళీ వదిలింది. "ఆ రోజు జమునని స్కానింగుకి తీసుకెళ్ళాలి. మర్చిపోకండి," అంది. మర్చిపోనన్నాను. పన్నెండు దాటాక నిద్రపోయింది. రెండింటికి ఊపిరి ఆగింది. నేను పక్కనే ఉన్నాను.

ఆమె వేసిన తేదీ రేపే.

ఎక్స్‌రేలూ స్కానింగులూ చూసి మనిషి లోపల ఏముందో చెప్పడం ఆమె పని. కొండ మీది ఆసుపత్రిలో చాలా ఏళ్ళు అదే చేసింది. ఇక్కడివాళ్ళు స్కానింగ్ డాట్రమ్మ అనేవారు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. ఇద్దరిదీ విజయనగరం వైపు. రెండేళ్ళు చేసి దిగిపోదామనుకుని కొండెక్కాం. దిగలేదు. ఆమె చుట్టాలు దిగనివ్వలేదు.

చుట్టాలంటే మనుషులు కాదు. పుస్తకంలో తప్ప ఎక్కడా కనిపించని జబ్బు ఏదైనా తన ముందుకొస్తే ఆమె దాన్ని చుట్టం అనేది. నేను రోజూ ఒంటిగంటకి క్యారియర్ పట్టుకెళ్ళేవాణ్ణి. స్కానింగు గది బయట వరండాలో బల్ల ఉండేది. అక్కడ కూర్చునేవాణ్ణి. తలుపు మామూలుగా తీస్తే మామూలు రోజు. విసురుగా తీసి, "మాస్టారూ, చుట్టం వచ్చింది," అంటే ఆ పూట అన్నం చల్లారిపోయినట్టే.

ఓసారి మేకలు కాసుకునే ఒకామెకి కాలేయంలో నీటితిత్తి కనిపించింది. సూది గుచ్చి నీళ్ళు లాగేద్దామని అవతలి డాక్టరు సిద్ధమయ్యాడు. ఈవిడ ఆగమంది. రోగిని పక్కకి దొర్లించి చూసింది, వెల్లకిలా పడుకోబెట్టి చూసింది. తిత్తి లోపల పల్చటి పొర ఊడిపోయి నీళ్ళలో ఊగుతోంది. కుక్కల నుంచి మనిషికి చేరే ఒక పురుగు పెట్టిన తిత్తి అది. మందు పడకుండా, జాగ్రత్తలు లేకుండా సూది దించితే ప్రాణం మీదకి వస్తుంది. ఆమెకి మందులు మొదలుపెట్టి కిందికి పంపారు. బతికింది. ఆ సాయంత్రం మా ఆవిడ పాల మీద మీగడ తీసి, నీళ్ళు పోసిన పళ్ళెంలో వేసి, పళ్ళెం అటూ ఇటూ ఊపింది. "చూడండి, ఇలాగే. అచ్చం ఇలాగే." ముఖం వెలిగిపోయింది. ఆ రోజు నాకు మీగడ దక్కలేదు.

జమున సంగతి ఇంకా పెద్దది. చెప్పినప్పుడల్లా ఆమె లేచి నిలబడి చెప్పేది.

తొమ్మిదేళ్ళ క్రితం. జమునది పెదబయలు అవతల కొండ మీద ఊరు. ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు పొత్తికడుపులో నొప్పి, జ్వరం పట్టుకున్నాయి. ఆ కొండల్లో నొప్పి ఎక్కడుంటే అక్కడ వాత పెట్టిస్తారు. వాళ్ళ అవ్వ పెట్టించింది. నొప్పి తగ్గలేదు. రెండో రోజు జీపులో ఎక్కించుకుని ఆసుపత్రికి తెచ్చింది. నొప్పి ఎడమ పక్కన. మూత్రంలో రాయేమో చూడమని డ్యూటీ డాక్టరు చీటీ రాశాడు.

మా ఆవిడ అలవాటు ప్రకారం ముందు కుడి పక్క చూసింది. అక్కడ ఉండాల్సిన కాలేయం లేదు. చేతిలోని ప్రోబు తిరగబడిందనుకుంది. తిప్పి పెట్టింది. లేదు. మిషన్లో బొమ్మ తారుమారయిందనుకుంది. దాన్నీ సరిచూసింది. లేదు. ఇంకా కుడి పక్కే వెతుకుతోంటే, తల దగ్గర నిలబడ్డ అవ్వకి ఓపిక పోయింది.

"నొప్పి ఈ పక్కనుంటే ఆ పక్కన తడుముతావేటమ్మా? వాత ఎక్కడెట్టేమో కనిపించట్నేదా? అక్కడ సూడు."

ఎడమ పొత్తికడుపు మీద మూడు వాతలు. కుడి పక్కనయితే, ఉండుకం, అదే అపెండిక్స్, వాచినప్పుడు డాక్టర్లు వేలుపెట్టి నొక్కే చోటు సరిగ్గా అదే. మా ఆవిడ చేతిలోది పక్కన పెట్టింది. అరచెయ్యి జమున గుండె మీద ఆనించింది. ఎడమ పక్క సద్దు లేదు. చెయ్యి కుడి పక్కకి జరిపింది. అక్కడ కొట్టుకుంటోంది.

బయట బల్ల మీద నాకు నవ్వు వినిపించింది. తలుపు విసురుగా తెరుచుకుంది.

"మాస్టారూ, అద్దంలో మనిషికి గుండె ఎటుంటుంది?"

"కుడి పక్క," అన్నాను.

"కాలేయం?"

"ఎడమ."

"మరి ఉండుకం?"

జవాబు కోసం ఆగలేదు. లోపలికెళ్ళి వాతల కిందే చూసింది. ఉంది. వాచి, పగలడానికి సిద్ధంగా ఉంది. పిల్ల శరీరంలో అన్నీ అద్దంలోలా ఇటువి అటున్నాయి. అదొక్కటే తేడా. మిగతా అంతా ఆరోగ్యం.

జమునకి అంతకు ముందు ఏడాదే దగ్గొస్తే ఛాతీ ఎక్స్‌రే తీసినట్టు అవ్వ చెప్పింది. అంబులెన్సు వచ్చేలోగా మా ఆవిడ ఆ ఫిల్ము వెతికించింది. గుండె ఎడమ పక్కే ఉంది. నార్మల్ అని రాసి ఉంది. కింద సంతకం తనదే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు దగ్గున్న హాస్టలు పిల్లలందరికీ ఒకేసారి తీశారు. కుడీ ఎడమా గుర్తు కోసం పెట్టే సీసపు అక్షరం ఎక్కడో పోయింది. ఒక ఫిల్ములో గుండె కుడి పక్కకి కనిపించింది. టెక్నీషియన్ పొరపాటున తిప్పి పెట్టాడనుకుని, తనే కంప్యూటర్లో తిప్పేసింది. తిప్పేసరికి ఏ లోపమూ లేని ఫిల్ము తయారైంది.

గుమ్మంలో నిలబడి అవ్వకి చెప్పింది. తప్పు నాదే, పోయినేడు ఈ పిల్ల గుండె నేనే తిప్పేశానంది. అవ్వ పెద్దగా పట్టించుకోలేదు.

"తిప్పితే తిప్పేవులే. ఇప్పుడు మళ్ళీ తిప్పేవు గదా. బేగి బండెక్కించు."

కింద పట్నంలో సర్జన్‌కి ఫోన్ చేస్తే ఎడమ పక్కన ఉండుకమేమిటి మేడం అన్నాడట. ఇలా నమ్మరనే ఆమె కూడా అంబులెన్సు ఎక్కింది. ఘాట్ రోడ్డు మలుపులన్నీ ఫిల్ము ఒళ్ళో పెట్టుకుని దిగింది. ఈసారి సరిగా తిప్పిన ఫిల్ము. నేను ఇంటి దగ్గర ఫోన్ చేత్తో పట్టుకునే కూర్చున్నాను. పొద్దుగూకే వేళకి మోగింది. "ఉంది మాస్టారూ. ఎడమ పక్కే ఉంది. పగల్లేదు. తీసేశారు." గొంతులో ఇరవయ్యేళ్ళ పిల్ల.

మర్నాడే సీసపు అక్షరం కొత్తది తెప్పించి, ఎర్రదారంతో ఎక్స్‌రే బల్లకి కట్టింది. అప్పటి నుంచి ఎవరొచ్చినా ముందు, "నీ గుండె ఎక్కడ కొట్టుకుంటోందో చెయ్యిపెట్టి చూపించు," అనేది. ముసలివాళ్ళు సిగ్గుపడేవారు. హాస్టలు పిల్లలకి అదో ఆట అయిపోయింది. బజార్లో ఆమె కనిపిస్తే గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడేవారు. జూనియర్లు ఎవరైనా పని నేర్చుకోడానికొస్తే ఒకే మాట చెప్పేది. "తేడాగా ఉన్న ఫిల్ము అందరూ చూస్తారు. సరిగ్గా ఉన్నదాన్ని ఇంకోసారి చూడండి."

కిందటేడు తన స్కాను తనే చదువుకుంది. మా వంటింటి కిటికీకి ఫిల్ము ఆనించి, క్లోమం దగ్గరి గడ్డ మీద వేలు పెట్టి చూపించింది. చుట్టమా అని అడిగాను. "కాదు మాస్టారూ. ఇది రోజూ చూసేదే," అంది. ఫిల్ము మడతపడకుండా కవర్లో పెట్టి, పొయ్యి మీద పాలు దించింది.

ఆ తర్వాత మా ఇంట్లో మళ్ళీ పెద్ద నవ్వు వినిపించింది జమున వల్లే. ఇప్పుడు తనకి పెళ్ళయింది. భార్యాభర్తలిద్దరూ కాఫీతోట చూసుకుంటారు. మూడో నెల అని చెప్పడానికొచ్చింది. కాసేపు గోళ్ళు గిల్లుకుని అడిగింది.

"గుంటో గుంటడో అడక్కూడదని గోడ మీద బోర్డు ఉంటాది గదా మేడం. కుడో ఎడమో అడగొచ్చా?"

మా ఆవిడ నొప్పున్న చోట చెయ్యి అదుముకుని మరీ నవ్వింది. అడగొచ్చు, దానికి చట్టం అడ్డులేదంది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసి నెమ్మదిగా చెప్పింది. బిడ్డకి అన్నీ అందరిలా ఉంటే మంచిదే. నీలా అన్నీ తిరిగి ఉన్నా మంచిదే. గుండె ఒక పక్కకీ, బువ్వ దిగే సంచి ఇంకో పక్కకీ ఉంటేనే గుండెని మరింత శ్రద్ధగా చూడాలి, కాన్పు గుండె డాక్టర్లున్న చోట పెట్టుకోవాలి. ముందే తెలిస్తే బిడ్డని కాపాడుకోవచ్చు. "కుడా ఎడమా అని కాదు, రెండూ ఒకే పక్కనున్నాయా అని అడుగు. ఐదో నెల నిండాక నేనే చూస్తాను," అంది. జమున వెళ్ళాక క్యాలెండరు తీసి వారాలు లెక్కపెట్టింది. పెట్టి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

ఆమె పోయిన పదకొండో రోజున జమున, అవ్వ వచ్చారు. అవ్వ సంచిలో రాజ్‌మా గింజలు తెచ్చి గుమ్మం పక్కన పెట్టింది. నేను కింద పట్నంలో స్కానింగు మాట ఎత్తాను. జమున తల అడ్డంగా ఊపింది.

"నాను సెప్తే ఇనదు బాబూ," అంది అవ్వ. "డాట్రమ్మే సూడాలని కూకుంది. డాట్రమ్మని ఎక్కణ్ణించి తెత్తాం?"

జమున నేల చూస్తూ అంది. "కిందోళ్ళకి నేను తప్పు ఫిల్ము సార్. అక్కడ ఒక్కొక్కలికీ సెప్పుకోనేను. మీరొస్తే ఎల్తాను."

వస్తానన్నాను.

స్కానింగు గదిలోకి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ బయట బల్ల మీదే కూర్చున్నాను. రేపు పొద్దున్న ఆరింటికి కారు తీస్తాను. సంత దగ్గర జముననీ అవ్వనీ ఎక్కించుకుని ఘాట్ దిగుతాను. ఆమె నోటుపుస్తకం, పెన్ను జేబులో ఉంటాయి. డాక్టరుని అడిగి లోపలికి వెళ్తాను. రానివ్వకపోతే పుస్తకం జమున చేతికిచ్చి బయట బల్ల మీద కూర్చుంటాను, నాకు అలవాటే. ముందు జమున తన గుండె ఎక్కడుందో చెయ్యిపెట్టి చూపిస్తుంది. తర్వాత ఆ రెండు ఖాళీలూ నింపుతాం. కుడి అని రాసినా, ఎడమ అని రాసినా, రెండుచోట్లా ఒకే మాట పడాలి.