ఎవరిదో తేలని కాటా ప్రోగ్రాం

మండపేట చుట్టుపక్కల రైసుమిల్లులకు కాటా ప్రోగ్రాం పెట్టడమే ఇన్నేళ్లుగా నా బతుకుతెరువు. లారీ వేబ్రిడ్జి ఎక్కగానే బరువు తీసుకుని బిల్లు కొట్టేది అదే. దాని పాత కోడు నాకు కంప్యూటరు నేర్పిన మాస్టారు ఇచ్చారు. "వాడుకోండి, బాగుచేసుకోండి" అన్నారు, అంతే. ఇక్కడ ఒక మిల్లు జాకీ పక్క మిల్లుకు వెళ్లినా ఎవరూ రాయించుకోరు. కోడు కూడా అలాగే చేతులు మారింది.

ఈమధ్య ఒక కంపెనీ వాళ్లు ఈ ప్రోగ్రాంను రాష్ట్రమంతా పెడతామన్నారు. ఎగిరి గంతేశాను. వాళ్ల లాయరు మాత్రం ఒక్కటే అడిగాడు, "దీని లైసెన్సు ఏదండీ?" అని. ఏ షరతూ రాయలేదు గనక ఎవరైనా వాడుకోవచ్చని దబాయించాను. కాదట. షరతులేవీ లేకపోతే హక్కులన్నీ కోడు రాసినవాళ్లవేనట. నాకు ఒళ్లు మండిపోయింది. సగానికి పైగా తిరగరాసింది నేను. వరికోతల రోజుల్లో కాటా ఆగిపోయిందని ఫోనొస్తే అన్నం ముందు నుంచి లేచి పరిగెత్తింది నేను!

సరే, హక్కులు ఇస్తున్నట్టు మాస్టారు పెట్టాల్సింది ఒక్క సంతకమే కదా అని ఆయనింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. కాగితం తీయగానే ఆయన ముఖం మాడిపోయింది.

"నా మాట చాలదాండి మీకు?"

"నాకు చాలు మాస్టారూ. లాయరుకి చాలట్లేదండి."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివారు.

"మొత్తం నేనే రాశానని ఉందేంటండి ఇందులో? మొదలు భీమవరంలో ఒకాయన ఇచ్చారండి. ఆయనకెవరిచ్చారో తెలీదు. అడుగుదామంటే ఆయనా పోయారు."

"పెట్టేయండి మాస్టారూ, ఎవరడుగుతారండి?"

"నాది కానిది నాదని ఎలా పెడతానండి?"

పెన్నుకు మూతపెట్టి నా చేతికిచ్చేశారు. ఆ మంచితనం మీద వచ్చినంత కోపం నాకు ఎవరి మోసం మీదా రాలేదు. దారి పొడుగునా గొణుక్కుంటూనే వచ్చాను.

లాయరు తేల్చేశాడు. ప్రోగ్రాం మొదటినుంచీ కొత్తగా రాయాలి, అదీ పాత కోడు కంటితో చూడనివాళ్లే రాయాలి. అంటే లోకంలో ఎవరైనా రాయొచ్చు, నేను తప్ప. నేను సలహా కూడా చెప్పకూడదట. రాసేవాళ్లకు సందేహమేదైనా వస్తే లాయరుకే రాసి పంపాలట.

కంపెనీ వాళ్ల రాజమండ్రి ఆఫీసులో ఆ పనికి ఒకావిడను కొత్తగా తీసుకున్నారు. తెలివైన మనిషే గాని రైసుమిల్లు గడప తొక్కి ఎరగదు. నిన్న నేను లాయరును కలవడానికి అక్కడికి వెళితే, నేనెవరో తెలియని ఆవిడ స్క్రీను నా వైపు తిప్పి అడిగింది.

"గోనెసంచుల బరువు ఎక్కడ తీసెయ్యాలండి? లోడు లారీ తూకంలోనా, ఖాళీ లారీ బరువు తీసేశాకా?"

నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. జవాబు గొంతుదాకా వచ్చింది. మింగేశాను.

"తెలీదండి," అన్నాను.

ఆవిడ నా వంక జాలిగా చూసింది.

"పర్లేదండి," అంది. "మీరూ ఈ పనికి కొత్తే కదా, మెల్లగా వచ్చేస్తుంది లెండి."