చింతపండుతో తోమిన సిమ్ము

బస్తర్‌లో దోర్నపాల్ బస్టాండు పక్కన రేకుల కప్పు కింద రామతులసి హోటలుంది. హోటలంటే రెండు బెంచీలు, ఒక ఇడ్లీ పాత్ర, ఒక పెనం, వీటన్నిటి పైన రామతులసి నోరు. ఇడ్లీ కోసం వచ్చేవాళ్ళు సగమైతే ఆ నోరు వినడానికి వచ్చేవాళ్ళు సగం. పక్క రాష్ట్రంలోని చర్ల నుంచి కాపురానికి వచ్చినప్పుడు ఆమెకు తెలుగొక్కటే వచ్చు. ఇప్పుడు హిందీలో బేరమాడుతుంది, గోండీలో పలకరిస్తుంది, హల్బీలో పెళ్ళి సంబంధాలు కూడా కుదురుస్తుంది. తిట్టడానికి మాత్రం ఎదుటివాడి భాషే వాడుతుంది, వాడికి అర్థం కాకపోతే పడిన శ్రమంతా దండగని. పెనిమిటి లారీ తోలుతాడు. ఎప్పుడో ఒకసారి వస్తాడు, వచ్చిన రోజు కూడా టిఫిను తిని లారీలోనే పడుకుంటాడు.

ఆ హోటలు నడిచేది నిజానికి పొయ్యి మీద కాదు, ఫోను మీద. కుంట ఊళ్ళో బస్సు కదిలేముందు డ్రైవరు ఫోను చేస్తాడు, "అక్కా, వస్తున్నం, ఇడ్లీ పొయ్యెక్కియ్యి" అని. సుకుమా నుంచి వచ్చేవాళ్ళూ అంతే. బస్సు వచ్చి ఆగేసరికి టిఫిను సిద్ధంగా ఉంటుంది, జనం దిగి తింటారు, బస్సు పోతుంది. ఫోను కలవకపోతే బస్సు ఎదురుగా ఉన్న ధాబా ముందు ఆగుతుంది. డ్రైవర్లకు అక్క మీద ప్రేమ లేక కాదు, ఆకలి మీద ఇంకొంచెం ఎక్కువ. అందుకే రామతులసి బోర్డు మీద తన పేరు కన్నా నంబరు పెద్దగా రాయించింది. ఆ దారిన తిరిగే ప్రతి బస్సులో స్టీరింగు పైన అదే నంబరు కాగితం మీద రాసి అంటించి ఉంటుంది.

ఆ ఫోను కొన్నాళ్ళుగా ఒకటే నస పెడుతోంది. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది, వేసుకుంటావా, వేసుకుంటావా అని. రామతులసి అడిగినప్పుడల్లా 'తర్వాత' మీద నొక్కి దాని నోరు మూయించేది. ఒక పొద్దున పిండి చేత్తో ఫోను పక్కకు జరపబోతే వేలు జారి 'ఇప్పుడే' మీద పడింది. ఫోను నల్లబడింది, తెల్లబడింది, చాలాసేపు గిరగిరా తిరిగింది. చివరికి లేచి కొత్త రంగుల బొమ్మలన్నీ చూపించి, పైన ఒక మూల సన్నగా 'సిమ్ లేదు' అని చెప్పింది.

"కడుపులో పెట్టుకుని లేదంటదేంది ఇది," అంది రామతులసి.

అప్పుడే టీకి భానుప్రసాద్ వచ్చాడు. ఈయన కిరందుల్ గనుల్లో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరైనవాడు. ఇప్పుడు దోర్నపాల్‌లో అల్లుడి సిమెంటు కొట్లో కూర్చుంటాడు, అంటే అల్లుడు చెప్పుకునేది అది. ఎక్కువగా కూర్చునేది ఈ బెంచీ మీదే. లోకంలో చెడిపోయిన ఏ వస్తువుకైనా ఆయన చెప్పే రోగం ఒకటే, కాంటాక్టు. ఫ్యాను తిరగకపోయినా కాంటాక్టు, పంపు ఎత్తకపోయినా కాంటాక్టు, కూతురికీ అల్లుడికీ పడకపోయినా కాంటాక్టే.

ఆయన ఫోను ఆపి మళ్ళీ వేశాడు. విమానం బొమ్మ నొక్కి వదిలాడు. రామతులసి దగ్గర పిన్నీసు తీసుకుని పక్కనున్న చిల్లులో పొడిచి సిమ్ము బయటికి లాగి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి చూశాడు.

"చూశావా తులసమ్మా, బంగారంలా ఉండాల్సిన రేకు నల్లబడిపోయింది. మడ్డి పట్టేసిందమ్మా. కాంటాక్టు లేదు."

"ఇప్పుడేం చెయ్యాలె సార్?"

"ఏముంది, శుభ్రంగా రుద్ది పెట్టడమే," అని టీ తాగి లేచి వెళ్ళిపోయాడు.

రుద్దడమన్న మాట రామతులసికి చాలు. ఇత్తడి రంగు రేకు నల్లబడితే ఏం పెట్టి రుద్దాలో ఆమెకు ఒకరు చెప్పాలా? బస్తర్‌లో ఇంకేదానికి కరువున్నా చింతపండుకు లేదు. ఇంత చింతపండు గుజ్జు, ఇంత ఉప్పు, ఇంకొంచెం మెరవాలని పొయ్యిలో బూడిద కలిపి, దేవుడి చెంబు తోమినట్టు సిమ్మును తోమింది. నీళ్ళతో కడిగింది, కొంగుతో తుడిచింది, కాకి ఎత్తుకుపోకుండా జల్లెడ బోర్లించి ఎండలో పెట్టింది. అబద్ధం ఎందుకు, తళతళా మెరిసింది. సుకుమా జిల్లాలో అంత శుభ్రమైన సిమ్ము ఇంకొకటి ఉండి ఉండదు. ఫోనులో పెడితే మళ్ళీ 'సిమ్ లేదు' అనే వచ్చింది. ఈసారి అది చెప్పింది నిజమే.

ఆ మధ్యాహ్నం కుంట బస్సు ధాబా ముందు ఆగింది.

బజారు మొదట్లో సంజయ్‌కి ఫోన్ల దుకాణం ఉంది. జగదల్‌పూర్ నుంచి వచ్చినవాడు, తెలుగు ఇక్కడే, అందులో ఎక్కువ భాగం రామతులసి దగ్గరే నేర్చుకున్నాడు. సిమ్ము చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశాడు.

"ఆంటీ, ఇది సిమ్మా, పచ్చడా?"

దాన్ని తన ఫోనులో పెట్టాడు, పలకలేదు. తన సిమ్ము తీసి ఆమె ఫోనులో పెట్టాడు, అదీ పలకలేదు. అప్పుడు సెట్టింగుల్లోకి వెళ్ళి ఒకచోట నొక్కాడు. వెంటనే పైన గీతలన్నీ లేచి నిలబడ్డాయి.

"అప్‌డేట్ అయినప్పుడు సిమ్ బటన్ బంద్ అయింది ఆంటీ, అంతే. ఆన్ చేస్తే అయిపోయేది. ఫోన్ ఏకదం ఠీక్ ఉంది. సిమ్మును మాత్రం మీరే చంపేసిన్రు."

రామతులసి భానుప్రసాద్‌ను తనకొచ్చిన భాషలన్నిటిలో తలుచుకుంది. తర్వాత, "మరి అదే నంబరుతో కొత్తది ఇయ్యి," అంది.

"ఇస్తా. కానీ సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు వచ్చి వేలిముద్ర పెట్టాలె. మీ పేరు మీదేనా?"

రామతులసి నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. ఆ నోరు మాట లేకుండా మూతపడటం దోర్నపాల్‌లో ఎవరూ చూసి ఉండరు.

"కాదు. ఉందొకామె."

"పేరు చెప్పండి."

"నా నోట చెప్పగూడదు."

కథ చెప్పేవాళ్ళకు ఆ కట్టు లేదు గనుక చెప్పుకోవచ్చు. ఆమె పేరు హిడ్మే. ఎర్రబోరు దగ్గర రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే పల్లె ఆమెది. అడవి ఆకులతో విస్తర్లు కుట్టి వారపు సంత జరిగే బజారు రోజున దోర్నపాల్ తెచ్చేది. కొన్నేళ్ళ కిందట బజార్లో గొడుగు వేసుకుని సిమ్ములు అమ్మినవాడు, రామతులసి ఆధార్ కార్డు మీద పక్క రాష్ట్రం అడ్రసుందని ఇవ్వనన్నాడు. పక్కనే విస్తర్ల కట్ట దించుతున్న హిడ్మే "నాది పెట్టు" అని బొటనవేలు చాపింది. అక్కడ అది వింతేమీ కాదు, సగం ఫోన్లు పక్కింటివాళ్ళ పేరు మీదే మోగుతుంటాయి.

ఆ తర్వాత ఇద్దరూ మహాపర్సాద్ కట్టుకున్నారు. బస్తర్‌లో స్నేహానికి కూడా పెళ్ళిలాంటి తంతుంది. కొబ్బరికాయ, బియ్యం, పువ్వు చేతులు మార్చుకుంటే ఇద్దరూ ఒకింటివాళ్ళ కింద లెక్క. ఇక చచ్చేదాకా ఒకరి పేరు ఒకరు నోట పలకకూడదు, 'మహాపర్సాద్' అనే పిలుచుకోవాలి. మన ముసలమ్మలు మొగుడి పేరు చెప్పకుండా కాపురాలు చెయ్యలేదా, అలాంటి కట్టే. కాకపోతే ఇక్కడ మనిషిని ఎవరికి వాళ్ళే ఎంచుకుంటారు. రామతులసి ఆ పిలుపును అరగదీసి 'పర్సాదు' చేసింది, హిడ్మేకూ అదే అలవాటైంది.

పోయిన వానాకాలం ఒక బజారు రోజున విస్తరి కుట్టు ఊడి వేడి వేడి సాంబారు ఒక పెద్దమనిషి తెల్ల ప్యాంటు మీద పడింది. ఆయన గంతులేశాడు, జనం నవ్వారు, హోటలు పరువు పోయిందని రామతులసికి ఒళ్ళు మండింది. "ఏయ్ హిడ్మే, కుట్టడం రాకపోతే అడుక్కు తినరాదా" అని బజారంతా వినేలా అరిచింది. తిట్టుకు హిడ్మే బాధపడేది కాదు, అలాంటివి వారం వారం వినేది, తిరిగి రెండు అనేది. ఆ రోజు విన్నది తిట్టు కాదు, పేరు. తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. రామతులసి స్టీలు ప్లేట్లు కొని, ఇవే సుఖమని అందరికీ చెప్పింది. బజారు రోజు వస్తే మనసంతా బోసిగా ఉంటోందని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"పోనీ వేరే నంబరు తీసుకోండి ఆంటీ, చిటికెలో పని," అన్నాడు సంజయ్.

వాడికేం, వాడు చెబుతాడు. కొత్త నంబరంటే ప్రతి బస్సూ ఎక్కి కాగితం మార్చాలి, ప్రతి డ్రైవరుకూ చెప్పాలి, వాళ్ళు మర్చిపోతే మళ్ళీ చెప్పాలి. ఈలోపు వాళ్ళ నాలుక ధాబా పరోటా మరుగుతుంది. పాత నంబరు పోతే హోటలు పోయినట్టే. తెచ్చుకోవాలంటే హిడ్మే ముందు నిలబడాలి. రామతులసికి రెండూ గొంతు దిగలేదు.

మర్నాడు భానుప్రసాద్ టీకి వచ్చి, "కాంటాక్టు కుదిరిందా తులసమ్మా?" అని అడిగాడు. జరిగింది విని, "చింతపండా? నేను రబ్బరుతో రుద్దమన్నానమ్మా," అన్నాడు. రబ్బరు పేరు ఆయన ఎత్తనే లేదు. ఆ రోజు ఆయన టీలో పంచదార పడలేదు.

ధాబావాడు బయట ఇంకో బెంచీ వేశాడు. దాన్ని చూశాక రామతులసి పొయ్యి ఆర్పి, తాళం వేసి, ఎర్రబోరు పోయే బస్సెక్కింది.

"ఫోను ఎత్తవేందక్కా?" అన్నాడు డ్రైవరు.

"నీ బండి నువ్వు తోలు," అంది.

ఎర్రబోరులో దిగి ఎండలో పల్లె దాకా నడిచింది. ఇదివరకు ఒకసారి పండక్కి వచ్చింది గాని ఆనాడు జీలుగు కల్లు బాగా పుచ్చుకుంది కాబట్టి ఇల్లు గుర్తులేదు. చూస్తే చెట్ల మధ్య ఇళ్ళు అక్కడో రెండు ఇక్కడో రెండు ఉన్నాయి. మొదటి ఇంటి ముందు ఒక ముసలాయన తడిక అల్లుతున్నాడు.

"తాతా, విస్తర్లు కుట్టే ఆమె ఇల్లు ఏది?"

"ఈడ అందరు కుడతరు. పేరేంది?"

"పొడుగ్గ ఉంటది."

"పొడుగోళ్ళు శానమంది ఉన్నరు. పేరు చెప్పు."

"ఆమె పెనిమిటి డోలు కొడతడు."

"కల్లు తాగినంక అందరు కొడతరు. ఆమెకు పేరు లేదా?"

ఉంది, నాలుక చివరే ఉంది. ఒక్కసారి అంటే పని అయిపోతుంది, ఈ అడవిలో తప్పు పట్టేదెవరు? బజారు నిండా జనం ఉన్నప్పుడే అన్న మనిషికి ఇప్పుడు ఈ ముసలాయన ఒక లెక్కా? రామతులసి ఆ పేరు మింగేసి ముందుకు నడిచింది. ఇంకో ఇంటి దగ్గర చేతి మీద పచ్చబొట్టు ఉంటుందని గుర్తు చెప్పింది. అక్కడున్న ఆడవాళ్ళంతా తమ తమ చేతులు చాపి చూపించి నవ్వారు. మరో ఇంటి దగ్గర కుక్క తరిమింది. చెప్పు తెగింది. ఊరంతా చుట్టి, తెగిన చెప్పు చేత్తో పట్టుకుని, తనను తానే తిట్టుకుంటూ మళ్ళీ ముసలాయన ముందే తేలింది. ఆయన పక్కింటి చూరు కింద ఎవరో కర్రతో చింతకాయలు కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది.

"పర్సాదూ," అని పిలుపు వినబడింది.

హిడ్మే కర్ర పక్కన పెట్టి గడపలో నిలబడి ఉంది.

"తాత నిన్ను పేరు అడగంగనే ఇన్న," అంది.

"మరి పిలవకపోతివేంది?"

"చెప్తవేమో చూద్దామని. చెప్పకుంటనే పోయినవు. ఇగ ఎంతసేపు తిరుగుతవో అది కూడ చూద్దామనుకున్న."

రామతులసికి కోపం రావాల్సిన చోట ఏడుపొచ్చింది. చెమటతో పాటు దాన్నీ కొంగుతో తుడిచేసింది.

"ఆనాడు తప్పు చేసిన పర్సాదూ," అంది. ఆ మాట ఆమె నోట పెనిమిటి కూడా విని ఉండడు.

హిడ్మే సొరకాయ బుర్రలోంచి నీళ్ళు వంచి ఇచ్చింది. రామతులసి తాగేదాకా ఆగి, "ఆ సారు ప్యాంటు తెల్లగయిందా?" అని అడిగింది. రామతులసికి పొలమారింది. ఇద్దరూ చాలాసేపు నవ్వారు. పక్కింటి తాత తడిక వదిలేసి వచ్చి చూసి, పిచ్చివాళ్ళనుకుని వెళ్ళిపోయాడు.

సిమ్ము సంగతంతా విన్నాక హిడ్మే, "ఎవరి చింతపండు?" అంది.

"బజార్ల మీ ఊరోళ్ళ దగ్గరే కొన్న."

"మంచి పులుపున్న పండు. అందుకే సచ్చింది."

మర్నాడు ఇద్దరూ సంజయ్ దుకాణంలో బల్ల ముందు నిలబడ్డారు. చింతకాయలు కొట్టి కొట్టి గరుకెక్కిన హిడ్మే బొటనవేలిని యంత్రం ఒప్పుకోలేదు. రామతులసి ఆ వేలు పట్టుకుని, తడి చేసి, తన కొంగుతో మెల్లగా తుడిచి మళ్ళీ పెట్టించింది. ఈసారి పచ్చ దీపం వెలిగింది. సంజయ్ కొత్త సిమ్ము ఫోనులో వేసి, సాయంత్రానికి నంబరు మొదలవుతుందన్నాడు.

"ఆంటీ, ఇప్పుడు మీ కార్డు కూడా ఇక్కడి అడ్రసుదే కదా. ఈమె ఉన్నప్పుడే నంబరు మీ పేరు మీదికి మార్చేస్తా. రేపు మళ్ళీ ఖరాబ్ అయితే ఈమె కోసం తిరిగే పని ఉండదు."

"మార్చుకో పర్సాదూ," అంది హిడ్మే. మామూలుగానే అంది, కాకపోతే రామతులసి మొహం చూడకుండా రోడ్డు వైపు చూస్తూ అంది.

"వద్దు," అంది రామతులసి. "ఆమె పేరు మీదనే ఉండనీ."

"ఎందుకు ఆంటీ?"

"నా నోరు సంగతి నీకేం ఎరుక. మళ్ళ ఎన్నడో జారుతది. తప్పయిందని చెప్పనీకి నా అంతట నేను పోయే మనిషిని కాదు. ఫోను పనుంటెనే పోత."

సంజయ్ ఏమీ అర్థం కాక కంప్యూటరు మూసేశాడు. హిడ్మే బల్ల మీది ఫోను తీసుకుని తన సంచిలో వేసుకుంది.

"నా పేరు మీద ఉన్నది గదా," అంది.

రామతులసి ఆమె వెనకాలే హోటలుకు నడిచింది.