గాలానికి చుట్టిన దారం

మాది బోధన్. ఎరువుల దుకాణం నడుపుతాను. అమ్మకాలు బాగున్నాయని పోయిన ఏడాది కంపెనీవాళ్లు డీలర్లను భార్యలతో సహా న్యూజిలాండ్ తీసుకెళ్లారు. బయల్దేరేముందు నా భార్య సుజాతకు ఒకటే చెప్పాను: "నువ్వు బీడీలు చేస్తవని ఆడ ఎవ్వరికి చెప్పకు."

నది ఒడ్డున ఖరీదైన లాడ్జిలో దిగాం. అక్కడ ఎరకు బదులు, ఈకలూ దారమూ చుట్టి పురుగులా చేసిన గాలంతో చేపలు పడతారు. లాడ్జి యజమాని ఓ పెద్దాయన. చనిపోయిన తన తండ్రి చుట్టిన గాలాన్ని తెచ్చి మురిపెంగా చూపించాడు. ఫొటో తీసే హడావుడిలో నా మోచెయ్యి తగిలి అది కిందపడింది. చూసుకోకుండా బూటుతో తొక్కేశాను. దారం వీడి ఈకలు ఊడిపోయాయి. ఆయన ముఖం పాలిపోయింది. తోటి డీలర్లంతా నన్నే చూస్తుంటే తలెత్తలేకపోయాను.

సుజాత వంగి గాలాన్నీ ఈకలనూ ఏరుకుంది.

"దారముందేమో అడుగుండ్రి" అంది నాతో.

పాత చుట్ల జాడ చూసి ఈకలను పొందించి, లాడ్జివాళ్లిచ్చిన దారం చుట్టి, ముడేసి గోటితో తెంపింది. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. తర్వాత ఆమెకు రెండు చేతులూ జోడించాడు.

"గీ పని ఎక్కడ నేర్చుకున్నవక్కా?" అన్నాడు డిచ్‌పల్లి డీలర్.

సుజాత నా ముఖం చూసి ఊరుకుంది. బయల్దేరేముందు నేనన్న మాట ఇంకా దాటడం లేదు.

"బీడీలు చేస్తదే" అన్నాను నేనే. "మా దుకాణం పెట్టింది గూడ గా బీడీల పైసలతోనే."

ఆమెకు దక్కాల్సిన ఆ మాట నలుగురిలో అనడానికి, దుకాణం పెట్టాక నాకు ఇరవై ఏళ్లు పట్టింది.